పదిహేనో అధికరణంలో ఒక చిన్న క్లాజు

దుకాణాలు, హోటళ్లు, వినోదశాలలు, బావులు, చెరువులు, స్నానఘట్టాలు, రోడ్లు. రాజ్యాంగం లాంటి గంభీరమైన గ్రంథంలో ఇంత మామూలు పేర్లు వరసగా కనిపించేది 15వ అధికరణం రెండో క్లాజులో. సికింద్రాబాద్‌లో ఆ వరస పట్టుకుని నడవొచ్చు: జనరల్ బజార్ దుకాణాలు, ఇరానీ హోటళ్లు, 2022లో పూడిక తీసి బాగుచేసిన బన్సీలాల్‌పేట మెట్లబావి.

మొదటి క్లాజు రాజ్యం వివక్ష చూపరాదంటుంది. రెండో దానికి వచ్చేసరికి అడ్డుపెట్టేది ఎవరన్నది వదిలేశారు. మతం, జాతి, కులం, లింగం, పుట్టిన చోటు కారణంగా ఏ పౌరుడికీ ఈ చోట్లలో అడ్డంకి ఉండకూడదు, అంతే. దాంతో సర్కారుతోపాటు హోటల్ యజమానీ, ఊరి పెద్దా దాని కిందికి వచ్చారు. మన దేశంలో మనిషిని బావి దగ్గర ఆపింది ఎక్కువగా పక్కింటివాళ్లే కదా!

అడ్డంకితో ఆగకుండా ‘షరతు’ కూడా చేర్చడం నాకు మరీ నచ్చుతుంది. రెండు గ్లాసుల పద్ధతిలో మనిషిని హోటల్లోకి రానిస్తారు, టీ పోస్తారు, గ్లాసు మాత్రం వేరు. ప్రవేశం గురించి మాత్రమే రాసి ఉంటే ఆ అవమానం తప్పించుకుపోయేది.

బావుల దగ్గర ఎంత జాగ్రత్తో చూడండి. ప్రభుత్వ సొమ్ముతో పూర్తిగానో కొంతగానో నడిచేవి, లేదంటే జనం వాడకానికి వదిలినవి అని గీత గీశారు. దుకాణానికి ఆ గీత లేదు. సొంత సొమ్ముతో పెట్టినా, తలుపు తీసి బేరానికి కూర్చుంటే అందరికీ తీసినట్టే.

1948 ఫిబ్రవరి ముసాయిదాలో ఈ క్లాజు 9వ అధికరణంలో ఉండేది. అప్పటికి స్నానఘట్టాలు లేవు, తర్వాత చేరాయి. నవంబరు 29న రాజ్యాంగ సభలో దుకాణమంటే ఏమిటన్న ప్రశ్న వచ్చింది. అడిగినవారికి సేవ అందించడానికి సిద్ధపడే చోటు ఏదైనా దుకాణమేనన్నది అంబేద్కర్ జవాబు. 2011లో ప్రైవేటు విద్యాసంస్థల విషయం తేల్చేటప్పుడు సుప్రీంకోర్టు ఆ జవాబును ఆధారంగా తీసుకుంది. 1948 నవంబరు 29నే అంటరానితనాన్ని రద్దుచేసే అధికరణమూ ఆమోదం పొందింది. అంటరానితనానికి నిర్వచనం ఇవ్వాలన్న సూచనలను సభ ఒప్పుకోలేదు. మంచిపనే చేసింది. నిర్వచిస్తే దాన్ని దాటే దారులు వెతుక్కునేవారు.

అప్పటికి నిజాం సేనలు సికింద్రాబాద్‌లో లొంగిపోయి రెండున్నర నెలలైనా కాలేదు. హైదరాబాద్ సంస్థానం తరఫున రాజ్యాంగ సభలో ఒక్క ప్రతినిధీ లేరు. 1949 నవంబరు 23న నిజాం ఫర్మానాతో ఈ రాజ్యాంగం ఇక్కడికీ వచ్చింది. మనవాళ్ల చేయి పడకుండానే మన బావికీ, మన హోటలుకూ సరిపడేలా రాసి పెట్టారు.

సివిక్స్ చెప్పే టీచర్లకు నా మనవి ఒక్కటే: ఈ క్లాజును పిల్లలచేత గట్టిగా చదివించండి, వాళ్ల వీధిలోని బావినీ, టీకొట్టునూ చూపించి చదివించండి.