చప్పుడు జాడ పట్టు విద్య

రైలు ప్లాట్‌ఫారము చేరి నిలువగానే చిన్న సుత్తి చేతబట్టి, పెట్టె వెంట పెట్టెగా చక్రములను తట్టుచు సాగిపోవు పరీక్షకుని వెనుకటి తరమువారు స్టేషనులలో చూచియే యుందురు. చెక్కుచెదరని చక్రము గంటవలె మ్రోగును. బీటవారినది బొంగురుగా పలికి ఊరకుండును. 1874లో వాడి నుండి రైలుమార్గము వచ్చి చేరిన సికిందరాబాదు నగరమున, ఆ సుత్తిదెబ్బకు దగ్గరి చుట్టమైన విద్య యొకటి కార్ఖానా, బోయినపల్లి దారులలోని మోటారు షెడ్లలో నేటికిని బ్రతికియున్నది. ఇనుము పలుకు పలుకునుబట్టి దాని రోగమును గుర్తించుటయే ఆ విద్య.

ముందు చక్రముల వైపు ఏదో చప్పుడగుచున్నదని బండిని తెచ్చిన యజమానిని, అనుభవము పండిన ఉస్తాదు బానెట్ ఎత్తకమునుపే, పానా పట్టకమునుపే అడుగు ప్రశ్న యొక్కటే: “సప్పుడు ఎప్పుడొస్తుంది సార్? గుంతల పడ్డప్పుడా, తిప్పినప్పుడా, బ్రేకు కొట్టినప్పుడా?” రోగిని దర్శన స్పర్శన ప్రశ్నములచే పరీక్షింపవలెనని ఆయుర్వేదము విధించినది. మోటారు వైద్యమున ప్రశ్నమునకు అగ్రస్థానము లభించుటకు బలమైన కారణము కలదు. లోయర్ ఆర్ములు, షాక్ అబ్సార్బర్లు, స్టీరింగు రాక్ మున్నగునవన్నియు ఒకే ఇనుప చట్రమున కూడియుండుటచే, ఎడమవైపు పుట్టిన శబ్దము దాని వెంట ప్రాకిపోయి కుడివైపున వినబడి చెవిని మోసగించును. కావున చప్పుడు ఎచ్చట వినబడినదను దానికంటె ఎప్పుడు వినబడినదను దానినే అతడు ప్రమాణముగా గొనును.

గతుకులపై మెల్లగా పోవునపుడు టకటకమని తేలికగా మ్రోగినచో అనుమానము ముందుగా స్టెబిలైజర్ లింకుపై నిలుచును. గుంతలో పడినపుడు గాని బ్రేకు వేసినపుడు గాని ‘ధబ్బు’మని బరువుగా ఒక్కమారు కొట్టినచో, లోయర్ ఆర్మ్ బుష్‌లోని రబ్బరు చితికి ఇనుము ఇనుమును తాకుచున్నదని తలపవలెను. నిలిచియున్న బండిలో స్టీరింగు త్రిప్పగా ‘టంగు’మన్నచో, స్ట్రట్ పైకొసనున్న బేరింగు బిగిసికొనుటచే స్ప్రింగు సాఫీగా తిరుగజాలక మెలిపడి, ఒక్కసారిగా విడివడుచున్నదని గ్రహింపవలెను. స్టీరింగును పూర్తిగా త్రిప్పి ఆక్సిలరేటరు నొక్కినపుడు వరుసగా టిక్కుటిక్కుమనునది డ్రైవ్ షాఫ్ట్ కీలు. వేగముతోపాటు హెచ్చు హుంకారము చక్రపు బేరింగుది. బండి కుడికి తిరుగునపుడు భారము ఎడమ చక్రముపైకి ఒరగును గనుక, అప్పుడు రొద పెరిగినచో దోషము ఎడమ బేరింగున నున్నదని ఊహింపవచ్చును. గతుకులపై మ్రోగు చప్పుడు బ్రేకు పెడలుపై కాలు తేలికగా మోపగానే ఆగిపోయినచో, సస్పెన్షనును విడిచి, వదులైన బ్రేకు ప్యాడ్లను, కాలిపర్‌ను చూడవలెను.

ప్రశ్న ముగిసిన పిమ్మట స్పర్శ. చక్రమును జాకీతో నేలనుండి లేపి, జాకీనొక్కదానినే నమ్మక గట్టి స్టాండుపై బండిని నిలిపి, చక్రమును గడియారపు ముఖముగా భావించి, 12, 6 అంకెలుండవలసిన చోట్ల రెండు చేతులతో పట్టి ఊపుదురు. కదలిక తోచినచో అది బాల్ జాయింటుదో బేరింగుదో తేలవలెను. అందులకు శిష్యుని బ్రేకు తొక్కిపట్టుమందురు. అప్పుడు కదలిక మాయమైనచో బేరింగు, మిగిలినచో బాల్ జాయింటు. 9, 3 అంకెల చోట పట్టి ఊపగా ఆడినచో టై రాడ్ ఎండును గాని రాక్‌ను గాని శంకింతురు. శిష్యుడు స్టీరింగును అటునిటు త్రిప్పుచుండగా ఉస్తాదు స్ప్రింగుపై అరచేయి ఆన్చును. చెవికి చిక్కని అదురు చేతికి చిక్కును. కిర్రుమను స్టెబిలైజర్ బుష్‌పై సబ్బునీరు చల్లి చూతురు; కిర్రు కొంతసేపు అణగినచో ఎండిపోయిన రబ్బరు ఏదో తెలిసినట్లే.

ఇక మిగిలినది దర్శనము. 1957 మొదలు 2014 వరకు తయారైన అంబాసిడర్ ముందు కీళ్లకు గ్రీజు గన్నుతో గ్రీజు ఎక్కించుచుండిరి. 1983 డిసెంబరులో వెలువడిన మారుతి 800తో మెక్‌ఫర్సన్ స్ట్రట్ సామాన్య కుటుంబముల వాకిళ్లకు వచ్చినది. నేటి బాల్ జాయింటు రబ్బరు తొడుగులో మూయబడియుండును. ఆ తొడుగు చిరిగినచో వానకాలపు బురదనీరు లోనికి చొచ్చి గ్రీజును కడిగివేయగా, చేరిన ఇసుక ఉక్కును అరగదీయును. టార్చి వెలుగులో ఆ తొడుగును పరికించు దర్శనమును కావున ఏ పరీక్షయందును విడువరాదు.

రాణీగంజ్ అంగళ్లలో విడిభాగములకు కొదువ లేదు. చప్పుడు వినినంతనే షాక్ అబ్సార్బర్లు మార్చి, అది తగ్గకపోగా ఆర్ములు మార్చి, అప్పటికిని పోనిచో రాక్‌ను సైతము మార్చు పద్ధతిలో, యజమాని ధనముతోపాటు ఇంకను ఆయువున్న వస్తువులు పాత ఇనుములో కలియును. అసలు దోషము మాత్రము నిలిచియుండును. బాల్ జాయింటు పూర్తిగా ఊడినచో చక్రము ప్రక్కకు వాలి బండి అదుపు తప్పును, ప్రాణములకే ముప్పు. అట్టి ముప్పునకు ముందు పలుకు చిన్న టకటకను రేడియో పాటక్రింద అణచివేయక, దాని సమయమును, సందర్భమును గుర్తుంచుకొని షెడ్డులో చెప్పుట ప్రతి యజమాని కర్తవ్యమని నా దృఢవిశ్వాసము.

బాగుచేసిన పిమ్మట మంచి ఉస్తాదు బండిని వెంటనే అప్పగింపడు. యజమానిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని, అద్దములు దించి, మొదట చప్పుడు పలికిన ఆ గుంత మీదుగానే, అదే వేగమున, మరల నొకమారు నడిపి చూచును.