నీటి అడుగున చేపకో గూడు

అమెరికా జలాశయాల్లో కట్టిన కొత్తలో మునిగిన చెట్లు ఏళ్లు గడిచేకొద్దీ కుళ్లిపోతాయి. అడుగు బోసిపోతుంది. క్రాపీ చేపకేమో కొమ్మల చాటు లేనిదే కుదరదు. ఆ లోటు తీర్చడానికి సొంత ఖర్చుతో, సొంత చేతులతో నీటి అడుగున గూళ్లు కట్టే గాలపువాళ్లంటే నాకెంతో గౌరవం.

పాత బకెట్లో వెదురు గెడలు విచ్చుకున్నట్టు నిలబెట్టి, కాంక్రీటు పోసి, గట్టిపడేదాకా వాటిని కదలనివ్వరు. వెదురు కణుపుల మధ్య గాలి ఉంటుంది కాబట్టి గెడలు పైకి తేలాలనే చూస్తాయి. అడుగున బరువు ఆపుతుంది. అందుకే గూడు నీళ్లలో నిటారుగా నిలుస్తుంది. నిలువు గెడకు గాలం కూడా అంతగా చిక్కుకోదు. పీవీసీ పైపులు వాడేవాళ్లు లోపలి గాలి పోవడానికి బెజ్జాలు వేస్తారు, గరుకుకాగితంతో రుద్దుతారు. నున్నటి పైపుకు పాచి అంత తొందరగా పట్టదు మరి. పాచి పడితే పురుగులు, వాటికోసం చిరుచేపలు, వాటి వెనకాలే క్రాపీలు.

కెంటకీ లేక్ జలాశయంలో ఇలాంటి గూళ్ల కోసం అడుగున కర్రలు దిగ్గొట్టడం పాత అలవాటు. చలికాలానికి అక్కడ నీటిమట్టం 5 అడుగుల దాకా దించుతారు, తీరం బయటపడుతుంది. పనికి అదే అదను.

గూడు ఎక్కడ దించాలో తెలియడమే అసలు నేర్పు. గుడ్లు పెట్టే లోతులేని రేవులకూ నీట మునిగిన పాత వాగు లోతుకూ మధ్య, చేపలు తిరిగే దారిలో పెట్టాలి. పడవలు తగిలేంత పైకి ఉండకూడదు.

అమెరికాలో గాలం పట్టే తెలుగువాళ్లు కూడా ఈ పనికి చేయి వేయాలి. ముందు ఆ జలాశయం అధికారుల అనుమతి మాత్రం తీసుకోండి.