ఎందుకు తీశారో ఆమెనే అడగనివ్వండి

ఈ వారం నాకు ఒళ్లు మండించిన కాగితం అర పేజీ కూడా లేదు. దివిసీమలో ఒక కాల్వ గట్టు మీద పాకలు పీకేశారు. ఆ సంగతి మీద ఓ కుర్రాడు సమాచార హక్కు చట్టం కింద పెట్టిన దరఖాస్తుకు జవాబది. పైన ఆర్.సి. నెంబరు, కింద గుండ్రటి ముద్ర, మధ్యన ఒకే వాక్యం: "తమరు కోరిన సమాచారం ఈ కార్యాలయమందు అందుబాటులో లేదు."

ఈ శీర్షిక చదివేవాళ్లకు నా పాత పాట తెలుసు. సహ చట్టం కింద 'ఎందుకు' అని అడగొద్దు, కాగితం అడగండి. చట్టం ఇప్పించేది ఆఫీసులో ఉన్న రికార్డునే గాని అధికారి మనసులో మాటను కాదు. గట్టు ఖాళీ చేయించారంటే ఫైల్లో ఏమేం ఉండాలో ముందు ఆలోచించుకోవాలి. కొలతల స్కెచ్, నోటీసు, అది అందినట్టు సంతకం, పంచనామా, బందోబస్తు కోరుతూ పోలీసులకు రాసిన లేఖ. ఇవేవీ లేవన్నా జేసీబీ అద్దె బిల్లు దొరికే అవకాశం ఎక్కువ. సర్కారు సొమ్ము చెల్లించిన చోట వోచరు ఉండాలి. పని ఏ రోజు జరిగిందో, ఎన్ని గంటలు జరిగిందో, ఎవరు చేయించారో అందులో బయటపడుతుంది.

కుర్రాడు ఇవన్నీ అడగలేదు. నోటీసు నకలు ఇమ్మన్నాడు, పాకలు ఎందుకు తీశారో చెప్పమన్నాడు. రెంటికీ కలిపి 'లేదు' అన్నారు. రెండోసారి చదివితే, నోటీసు వరకూ ఇది పనికొచ్చే జవాబే అనిపించింది. ప్రభుత్వ భూమిలో ఆక్రమణ తీయడానికి మన దగ్గర 1905 నాటి భూ ఆక్రమణల చట్టం ఉంది. ముందు 7వ సెక్షన్ కింద సంజాయిషీ నోటీసు, తర్వాత 6వ సెక్షన్ కింద ఖాళీ చేయమని నోటీసు ఇవ్వాలి. తెల్లదొరలు తమ భూమి కాపాడుకోడానికి రాసుకున్న చట్టం కూడా గట్టు మీది మనిషిని ముందు ఒక మాట అడగమంది. ఫైలు వేరే శాఖ దగ్గర ఉంటే దరఖాస్తును సహ చట్టం 6(3) సెక్షన్ ప్రకారం ఐదు రోజుల్లో అక్కడికి పంపాలి. పంపకుండా లేదని ముద్ర కొట్టారంటే, నోటీసు ఇవ్వలేదని కోర్టులో చెప్పుకోడానికి ఆ కాగితమే ఆధారం.

1905 చట్టం పేరెత్తితే నాకు బి-మెమో గుర్తొస్తుంది. ఆక్రమించుకున్నందుకు శిస్తూ జరిమానా వేస్తూ ఇచ్చే కాగితం అది. మా చిన్నతనంలో జమాబందీ వస్తోందంటే కరణం గారి అరుగు నిండిపోయేది. పోరంబోకులో పాక వేసుకున్నవాళ్లు కూలి డబ్బులు కొంగున ముడేసుకుని వచ్చి, జరిమానా కట్టి, రశీదు అడిగి మరీ పుచ్చుకునేవారు. జరిమానా కట్టడానికి అంత తొందర దేనికో అప్పట్లో నాకు అర్థమయ్యేది కాదు. ఫలానా ఏడు ఫలానా చోట వీళ్లు ఉన్నారని సర్కారు ఒప్పుకున్న కాగితం వాళ్లకు అదొక్కటే. రేపు పట్టా అడగాలన్నా, పీకుతామంటే అడ్డుపడాలన్నా దాన్నే చూపాలి. వెదురు గొట్టంలో చుట్టి చూరులో దోపేవారు. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చినప్పుడు ఆ చూర్లే మిగల్లేదు. దివిసీమ చుట్టుపక్కల వేల మంది పోయారు. బతికినవాళ్లు తమ పేరు కరణం గారి చిట్టాలో చూడమని తిరిగారు. 1984లో ఆ కరణీకాలూ రద్దయ్యాయి, చిట్టాలన్నీ భద్రంగా చేతులు మారలేదు. అందుకే గట్టు మీది వాళ్ల కోసం దరఖాస్తు రాసేటప్పుడు పాత ఆక్రమణల రిజిస్టరు, బి-మెమోల నకళ్లు తప్పకుండా అడగమంటాను. నకలు ఇవ్వలేమంటే రికార్డు చూపించమనండి. కళ్లతో చూసి రాసుకునే హక్కు సహ చట్టం 2(జె) సెక్షన్ ఇచ్చింది.

కోర్టులు ఆదుకోవా అంటే, కొంతవరకే. బొంబాయి పేవ్‌మెంట్ల మీద బతికేవాళ్ల తరఫున, పాత్రికేయురాలు ఓల్గా టెల్లిస్ తరఫున నడిచిన కేసులో 1985లో సుప్రీంకోర్టు జీవించే హక్కులో జీవనోపాధి కూడా ఉందంది. అయినా ఖాళీ చేయించడాన్ని ఆపలేదు, వానాకాలం వెళ్లేదాకా ఆగమంది. 2024 నవంబరు 13న బుల్‌డోజర్ల మీద ఇచ్చిన తీర్పులో 15 రోజుల నోటీసు, కూల్చివేతకు వీడియో తప్పనిసరి చేసింది. కానీ రోడ్డు, ఫుట్‌పాత్, రైలు పట్టాల పక్క, నదులూ నీటి వనరుల దగ్గర కట్టినవాటికి ఆ ఆదేశాలు వర్తించవంది. బందరు కాల్వ గట్టయినా, దివిసీమకు నీళ్లిచ్చే కె.ఇ.బి. కెనాల్ గట్టయినా ఆ మినహాయింపు కిందికే వస్తాయని రేపు వాదిస్తారు. అప్పుడు 1905 చట్టం నోటీసు, సహ చట్టం దరఖాస్తే గట్టు మీది మనిషికి మిగిలేవి.

కుర్రాడి వెంట పాక పోయిన పెద్దామె ఒకావిడ వచ్చింది. చేపల గంప గుమ్మం పక్కన దించి కూర్చుంది. నేను నా పాఠం మొదలెట్టాను. "ఎందుకు అని రాస్తే జవాబు రాదమ్మా, కాగితాలు అడుగుదాం" అన్నాను. "కాగితాలు మీరు చదువుకుంటారు బాబూ. మా ఇల్లు ఎందుకు పీకారో నాకు చెప్పమనండి" అంది.

ఆమె వెళ్లాక సహ చట్టం మళ్లీ తెరిచి 4(1)(డి) దగ్గర ఆగాను. తాము తీసుకున్న నిర్ణయం వల్ల దెబ్బతిన్నవాళ్లకు కారణాలు చెప్పడం ఆఫీసు బాధ్యత. అడిగితే చెప్పమనలేదు, చెప్పి తీరాలంది. కుర్రాడు 'ఎందుకు' అంటే తోసిపుచ్చవచ్చు, నేనడిగినా అంతే. ఆమె అడిగితే తోసిపుచ్చడానికి లేదు. కాబట్టి ఈ ఒక్క విషయంలో నా పాత పాట చెల్లదు. గట్టు మీది వాళ్ల కోసం పత్రికల వాళ్లం, సంఘాల వాళ్లం మన పేర్లతో దరఖాస్తులు వేయడం తగ్గించాలి. పక్కన కూర్చుని రాసిపెడదాం. సంతకమో వేలిముద్రో ఆమెదే ఉండాలి. మొదటి ప్రశ్న 'ఎందుకు' కావాలి, నోటీసూ జేసీబీ బిల్లూ దాని కింద రావాలి. ఈ వారం అలాగే రాశాం.

మీ ఊళ్లో గట్టు మీద టేపు పట్టుకుని కొలుస్తుంటే, జేసీబీ వచ్చేదాకా ఆగకుండా ఆ రోజే రాయించండి. గ్రామ స్థాయి ఆఫీసుకు రుసుం లేదు, మండలానికి 5 రూపాయలు, ఆ పైన 10. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్లు ఎక్కడా కట్టక్కర్లేదు. తపాలు సెక్షన్‌లో రశీదు ముద్ర వేయించుకోకుండా బయటికి రావద్దు. 30 రోజుల్లో జవాబు రాకపోతే, ఆ తర్వాత 30 రోజుల్లోగా మొదటి అప్పీలు వేయాలి.