కొన చిన్ననాటిది

ఈ కాలమ్ క్రమం తప్పకుండా చదివేవాళ్లకు నా పాత పట్టుదల తెలుసు. దుప్పిని జింక అనకూడదు, జింకను దుప్పి అనకూడదు. ఏటా కొమ్ములు రాల్చుకుని మళ్లీ మొలిపించుకునేది దుప్పి. ఒకసారి మొలిచిన కొమ్ములతోనే బతుకంతా గడిపేది జింక. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు కృష్ణజింక. తెలంగాణది ఒంటినిండా చుక్కలున్న దుప్పి. దాన్ని కూడా జింక అని రాసినప్పుడల్లా నాకు ప్రాణం ఉసూరుమంటుంది. ఇర్రి అంటే మగది, లేడి అంటే ఆడది అని జింకకు విడివిడి పేర్లు పెట్టుకున్న భాష మనది.

ఈ వారం ఛత్తీస్‌గఢ్‌లోని బార్నవాపారా అడవికి వెళుతూ ఆరంగ్‌లో టీకి ఆగాం. మయూరధ్వజుడి రంపపు కోత కథ మనవాళ్లకు కొత్తదేం కాదు. ఆయన రాజధాని ఇదేననీ, ఆరా అంటే రంపం కనుక ఊరికి ఆ పేరు వచ్చిందనీ ఇక్కడ చెప్పుకుంటారు. టీ గ్లాసు పట్టుకుని మా డ్రైవరు ధీమాగా అన్నాడు: "దీదీ, హిరణ్ కొమ్ము చూపించండి చాలు, వయసు చెప్పేస్తా."

నాకు చిరాకేసింది. టీ సగంలో వదిలేసి వాదనకు దిగాను. మహానది వంతెన దాటేదాకా ఆపలేదు.

ఆ చిరాకుకు మూలం ఆత్మకూరులో ఉంది. నల్లమల అంచున మా పెదనాన్న గారి ఇంటి వసారాలో ఒక దుప్పి కొమ్ము ఉండేది. అడవిలో రాలిపడితే ఎవరో తెచ్చి ఇచ్చింది. మూడు కొమ్మలు. మొదట్లో కనుబొమ మీదుగా ముందుకు సాగేది ఒకటి, పైన చీలిన రెండు. అడుగున ముళ్లపంది కొరికిన గాట్లు వరసగా ఉండేవి. సున్నం కోసం అవి కొమ్ములు కొరుకుతాయి. పిల్లలమంతా ఆ గాట్లలో గోళ్లు పెట్టి చూసుకునేవాళ్లం. ఇంటికి వచ్చిన పెద్దమనిషి ప్రతివాడూ కొమ్మలు లెక్కపెట్టి "మూడేళ్ల దుప్పి" అని తేల్చేసేవాడు. మరుసటేడు మొదటి కొమ్ము తెచ్చిన మనిషే ఇంకోటి తెచ్చాడు. చెవి చిరిగిన దుప్పి అది, వాగు దగ్గర రోజూ చూస్తున్నాననీ, ఇదీ దానిదేననీ చెప్పాడు. పెదనాన్న రెండూ పక్కపక్కన పెట్టారు. రెండోదానికీ మూడే కొమ్మలు. పొడవు బెత్తెడు తక్కువ కూడా. దుప్పికి ఏడాది గడిచింది, కొమ్ముకు గడవలేదు.

దాని వెనక కారణం నాకు చాలా ఏళ్ల తరవాత తెలిసింది. దుప్పి కొమ్ము ఎముక. నూగు చర్మం కప్పుకుని, నెత్తురు పారుతూ, కొన దగ్గర పెరుగుతుంది. కొన్ని నెలల్లో పెరగడం పూర్తయ్యి, నూగు ఊడి, గట్టిపడి, చివరికి రాలిపోతుంది. మనం చూసేది ఆ ఒక్క ఏటి పంట. ఆ ఏడు మేత బాగుంటే కొమ్ము బాగుంటుంది. మొదటిసారి ఉత్త సూదుల్లా వస్తాయి, నిజమే. ఒకసారి మూడేసి కొమ్మలకు చేరాక చుక్కల దుప్పి మామూలుగా అక్కడే ఆగుతుంది. నాలుగేళ్లదానికీ ఎనిమిదేళ్లదానికీ లెక్క ఒకటే.

డాలస్‌లో ఉండే మా అక్క కొడుకు ఇంటి వెనక కెమెరాకు చిక్కిన తెల్లతోక దుప్పుల ఫొటోలు పంపుతుంటాడు. పదింటికి తొమ్మిదిసార్లు వాడు అడిగేదీ ఇదే, "పిన్నీ, ఎనిమిది కొమ్మలు, ఎన్నేళ్లుంటాయి?" మంచి మేత దొరికితే ఏడాదిన్నర పోతుకే ఎనిమిది రావచ్చు, దొరక్కపోతే రెండు సూదులే. ఒళ్లు చూడరా అంటాను. కుర్రదానికి కాళ్లు పొడుగ్గా, నడుం సన్నగా, మెడ ఎక్కడికక్కడ విడిగా కనిపిస్తాయి. ముదిరినదానికి మెడ రొమ్ములో కలిసిపోయి, పొట్ట జారి ఉంటుంది. ఇంకా కచ్చితంగా కావాలంటే పళ్లు చూడాలి. 1949లో సెవరింగ్‌హాస్ అనే ఆయన తెల్లతోక దుప్పి దవడలో పళ్ల మార్పిడినీ అరుగుదలనూ బట్టి వయసు కట్టే పద్ధతి రాశాడు. కింది దవడలో మూడు చీలికలున్న పాలపన్ను ఏడాదిన్నర ప్రాంతంలో ఊడి, రెండు చీలికలది వస్తుంది. అయితే ఆ పన్ను చూడాలంటే దుప్పి మన చేతిలో ఉండాలి. అందుకే బతికున్నదాని వయసు కళ్లతో ఏళ్ల తరబడి చూసినవాడికే తెలుస్తుంది, కొమ్మలు లెక్కపెట్టేవాడికి తెలియదు. ఇదీ నా వాదన.

డ్రైవరు ఒక్క ముక్క మాట్లాడలేదు. పటేవా దగ్గర ఎడమకు తిప్పాడు.

బార్నవాపారా అన్నది బార్, నవాపారా అనే రెండు అడవి పల్లెల పేర కట్టిన పేరు. 1976లో అభయారణ్యం అయింది. కృష్ణజింకలు ఇక్కడ ఎప్పుడో కనుమరుగైపోతే, 2018 నుంచి ఢిల్లీ నుంచీ, బిలాస్‌పూర్ దగ్గరి కానన్ పెండారీ జూ నుంచీ తెచ్చి, ఆవరణలో పెంచి, మళ్లీ గడ్డి మైదానంలోకి వదిలారు. జీపు ఆగింది. ముప్ఫై గజాల్లో ఒక ఇర్రి పిల్లవాడు.

ఒళ్లు ఇంకా లేడి రంగే, లేత గోధుమ. పక్కల కింది అంచున మాత్రం మసి పూసినట్టు ముదురు గీత మొదలైంది. కంటి చుట్టూ తెల్లటి వలయం. కన్ను ముందరి గ్రంథి తెరిచి ఎండుపుల్లకు జాగ్రత్తగా రాసింది. కొమ్ములు గరుకు కణుపులతో ఒక మెలిక పూర్తి చేసి రెండోదానిలోకి తిరుగుతున్నాయి. "దోకు దగ్గర దగ్గర," అన్నాడు డ్రైవరు. రెండేళ్లు.

నేను నోరెత్తలేదు. టీ దగ్గర అతను చెప్పింది దీని గురించే. హిందీలో హిరణ్ అంటే దుప్పీ అవుతుంది, జింకా అవుతుంది. రెంటినీ కలపొద్దని ముప్ఫై ఏళ్లుగా రాస్తున్న నేనే, ఆ మాట వినగానే దుప్పి అనుకుని జింకకు దుప్పి న్యాయం చెప్పాను.

జింక కొమ్ము లోపల ఎముక, పైన మన గోరు లాంటి తొడుగు. పెరిగేది మొదట్లో. అంటే కొన ఇర్రి చిన్ననాటిది, మొదలు ఈ ఏటిది. తొలి ఏడాది ఇంచుమించు తిన్నగా మొలిచింది పైకి జరిగిపోతుంది, దాని కింద మెలికలు ఒక్కొక్కటే చేరతాయి. మూడేళ్లు దాటేసరికి ఇంచుమించు పూర్తి కొమ్ము. ఆ వయసు దాకా ఈ కొమ్ము చెప్పే లెక్కను నమ్మొచ్చు. ఒంటి రంగు అంత నమ్మకం కాదు. ఎండాకాలానికి నలుపు వెలుస్తుంది, మన దక్షిణాది ఇర్రులు చాలావరకు ముదురు గోధుమ దగ్గరే ఆగిపోతాయి.

డ్రైవరుకు క్షమాపణ చెప్పాను. అతను పట్టించుకోకుండా కుడిపక్కకు చూపించాడు. గడ్డిలో ఇంకోటి, ఇంకా చిన్నది. ఎండ ఎదురుగా ఉంది. కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని మెలికలున్నాయేమోనని వెతికాను. ఒక్కటీ లేదు, కాస్త వంపు మాత్రమే.

"వచ్చే ఏడాది రండి దీదీ," అన్నాడు, "దీనికి ఒకటి వచ్చుంటుంది."