పిడి లాగే క్షణం

సినిమాల్లో యుద్ధవిమానం మండిపోతుంటే హీరో ఎర్ర బటన్ నొక్కి, హాయిగా గాల్లోకి లేచి, గొడుగు విప్పుకుని దిగుతాడు. అసలు వ్యవహారంలో బటన్ లేదు, హాయి అంతకన్నా లేదు. చాలా విమానాల్లో పైలట్ తొడల మధ్య పసుపు, నలుపు చారల హ్యాండిల్ ఒకటి ఉంటుంది. దాన్ని రెండు చేతులా గట్టిగా లాగాలి. ఆ తర్వాత అతను చేయగలిగిందేమీ లేదు, అంతా సీటు పనే. ముందు బెల్టులు భుజాలను వెనక్కి లాగి బిగిస్తాయి. పైనున్న అద్దం ఎగిరిపోతుంది, లేదా దానిలో అమర్చిన పేలుడు తీగ దాన్ని ముక్కలు చేస్తుంది. సీటు వెనకున్న గొట్టంలో మందు పేలి సీటు పట్టాల మీద పైకి దూసుకుపోతుంది. ఆపైన అడుగునున్న రాకెట్ అందుకుంటుంది. చిన్న పారాచూట్, పెద్ద పారాచూట్, సీటు ఊడిపోవడం... పైలట్ గొడుగు కింద వేలాడేసరికి రెండు మూడు సెకన్లు గడిచుంటాయి, అంతే.

ఆ దెబ్బకు శరీరం బరువు పన్నెండు నుంచి ఇరవై రెట్ల దాకా పెరుగుతుంది. అరవై కిలోల మనిషికి పద్నాలుగు రెట్లు వేసుకోండి. 840 కిలోలు. మా నెల్లూరు లెక్కలో ఇంచుమించు పుట్టి వడ్లు, రెప్పపాటు కాలం! అందులో చాలా భాగం వెన్నుపూస మీదే. తల నిటారుగా, వీపు సీటుకు ఆన్చి కూర్చుంటే ఎముక తట్టుకుంటుంది. కాస్త ముందుకు వంగి కిందికి చూస్తున్నా పూసలు నలగొచ్చు. ప్రాణంతో దిగినవాళ్లలోనూ వెన్ను విరిగి నెలల తరబడి మంచమెక్కినవాళ్లు తక్కువేం కాదు.

జేమ్స్ మార్టిన్ అనే ఇంజనీరు స్నేహితుడూ భాగస్వామీ అయిన వాలెంటైన్ బేకర్ 1942లో పరీక్షా విమానం కూలి చనిపోయాడు. పైలట్ ప్రాణం కాపాడే పనికి మార్టిన్ అంకితం కావడం వెనక ఆ చావు ఉంది. 1946లో వాళ్లిద్దరి పేర్లతో ఉన్న మార్టిన్-బేకర్ కంపెనీ ఉద్యోగి బెర్నార్డ్ లించ్ ఎగిరే విమానంలోంచి సీటుతో సహా బయటికొచ్చి చూపించాడు. మన వాయుసేన విమానాలైన కిరణ్, హాక్, తేజస్‌లలో ఉన్నవి ఈ మార్టిన్-బేకర్ సీట్లే. ప్రపంచం మొత్తమ్మీద ఏడు వేలకు పైగా ప్రాణాలు నిలబెట్టామని వాళ్ల లెక్క.

ఆ లెక్కలో మనవాళ్లూ ఉన్నారు. హైదరాబాద్ దగ్గరి హకీంపేట నుంచి లేచిన కిరణ్ శిక్షణ విమానాలు 2017 సెప్టెంబరులో కీసర దగ్గర, 2018 నవంబరులో యాదాద్రి భువనగిరి జిల్లాలో కూలాయి. రెండుసార్లూ పైలట్లు బతికి బయటపడ్డారు. 2019 ఫిబ్రవరి 1న బెంగళూరులో మిరాజ్ యుద్ధవిమానం కూలినప్పుడు మాత్రం ఇద్దరు పైలట్లూ సీట్లతో బయటికొచ్చారు గానీ ఇద్దరూ దక్కలేదు. విమానం నేలకు బాగా దగ్గరగా ఉండి, కిందికి జారుతూ ఉంటే సీటు ఎంత మంచిదైనా దాని లెక్కలు తప్పుతాయి. నిలబడి ఉన్న విమానంలోంచి కూడా కాపాడే సీట్లు 1960ల నుంచీ ఉన్నాయి. పడిపోతున్న విమానం సంగతి వేరు.

అందుకే ఇందులో అన్నిటికన్నా కష్టమైన భాగం యంత్రం కాదు, ఎప్పుడు లాగాలన్న నిర్ణయం. ఇంజన్ మళ్లీ అందుకుంటుందేమో, ఊరు దాటించి పొలాల్లో పడేద్దామా అనుకుంటూ ఆగిపోయి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లు చాలామంది. విమానాన్ని వదలడం ఓటమి కాదని శిక్షణలో పదేపదే చెబుతారు. అయినా చేతులు ఆలస్యం చేస్తాయి. దీన్ని తప్పు అనడానికి నాకు నోరు రాదు.

లాగకుండానే పేలే ప్రమాదమూ ఉంది. ఈ సీటు మనిషి కింద పెట్టిన తుపాకి లాంటిది కాబట్టి నేల మీద ఉన్నంతసేపూ పిన్నులు గుచ్చి ఉంచుతారు. 2011 నవంబరులో బ్రిటన్ వాయుసేన విన్యాసాల బృందం రెడ్ యారోస్‌లో ఒక పైలట్ ఎగరకముందే సీటు పేలి, పారాచూట్ తెరుచుకోక చనిపోయాడు. హ్యాండిల్ ముందే చోటు తప్పి ఉన్నా పిన్ను గుచ్చినట్టే కనిపించింది. ఒక బోల్టు అతిగా బిగించడంతో పారాచూట్ ఇరుక్కుంది. కోర్టులో మార్టిన్-బేకర్ కంపెనీ తప్పు ఒప్పుకుంది, 2018లో 11 లక్షల పౌండ్ల జరిమానా పడింది. ఒక్క బోల్టు బిగింపు!

మనుషుల్ని మోసే రాకెట్లకూ ఇలా తప్పించుకునే ఏర్పాటు ఉంటుంది. అందుకే ఇక మా తీరానికి వస్తాను. నెల్లూరు జిల్లా సంగంలో మిద్దెలెక్కి రాకెట్ చూసేవాళ్లకు అది పైకి పోయిందా లేదా అన్నదే ముఖ్యం. మన వ్యోమగాములను అంతరిక్షానికి పంపే గగన్‌యాన్ కోసం 2023 అక్టోబరు 21న శ్రీహరికోటలో లేచిన పరీక్షా రాకెట్ మాత్రం మధ్యలో తెగిపోవడానికే లేచింది. దాదాపు పన్నెండు కిలోమీటర్ల ఎత్తులో, ధ్వనిని మించిన వేగంలో, వ్యోమగాములు కూర్చోవాల్సిన గదిని ముక్కుమీది రాకెట్లు లాక్కుపోయాయి. అది పారాచూట్లతో తీరానికి పది కిలోమీటర్ల దూరంలో సముద్రంలో దిగింది. ఆరోజు మొదటి ప్రయత్నంలో కౌంట్‌డౌన్ ఐదు సెకన్లు మిగిలి ఉండగా కంప్యూటరే ఆపేసింది. మనిషి ఆలోచించేలోపే.

కానీ యంత్రమూ మూగబోవచ్చు. 1983లో బైకనూర్‌లో సోయుజ్ రాకెట్‌కు మంటలంటుకుని తీగలు కాలిపోవడంతో, గదిని తప్పించే ఏర్పాటు తనంతట తాను పనిచేయలేకపోయింది. అప్పుడు వేర్వేరు గదుల్లో ఇద్దరు మనుషులు బటన్లు నొక్కాల్సి వచ్చింది. రాకెట్ పేలడానికి రెండు సెకన్ల ముందు సోయుజ్ గది ఎగిరిపోయి అందులోని వ్యోమగాములు టిటోవ్, స్ట్రెకలోవ్ బతికారు. మనిషికైనా, యంత్రానికైనా రెండో తోడు ఉండాలన్నది నా అభిప్రాయం.

గగన్‌యాన్‌కు ఎంపికైన నలుగురూ వాయుసేన టెస్ట్ పైలట్లు. ఉద్యోగంలో ఎన్నోసార్లు ఆ హ్యాండిల్‌తో కూర్చున్నవాళ్లు. గగన్‌యాన్‌లో సీటు ఎగరదు, గది మొత్తం ఎగురుతుంది. ప్రమాదాన్ని పసిగట్టే పని ప్రధానంగా కంప్యూటర్లది. ఆ నలుగురిలో ఎవరైనా ఎదురైతే అడగాలని ఉంది, రాకెట్ లేస్తున్నప్పుడు చేతులు ఎక్కడ పెట్టుకుంటారని.