మహావీరుడు కూర్చిన కంఠాభరణం

వెయ్యిన్నీ రెండువందల ముప్ఫై నాలుగు కోట్ల యాభై ఆరు లక్షల యాభై నాలుగు వేల మూడువందల ఇరవై ఒకటి. మాటల్లో చెబితే ఈ సంఖ్యలో విశేషమేమీ కనబడదు. అంకెల్లో వేసి చూడండి: 12345654321. ఒకటి నుంచి ఆరు దాకా ఎక్కి, మళ్లీ ఒకటికి దిగింది. ఎటు నుంచి చదివినా అదే.

రాష్ట్రకూట చక్రవర్తి అమోఘవర్షుడి కాలంలో, క్రీ.శ. 850 ప్రాంతంలో, జైన గణితవేత్త మహావీరాచార్యుడు రాసిన గణితసారసంగ్రహంలో ఈ సంఖ్య కనిపిస్తుంది. గుణకారం నేర్పేచోట 27994681ని 441తో గుణించమంటాడాయన. వచ్చే లబ్ధం ఇదే. ఇలా అంకెలు వరుస తీరిన లబ్ధాలు ఆయన దృష్టిలో కంఠాభరణాలు. 152207ను 73తో గుణిస్తే ఎనిమిది ఒకట్లు వస్తాయి. 142857143ను 7తో గుణిస్తే రెండు కొసలా ఒకట్లు, నడుమ ఎనిమిది సున్నాలు.

మన సంఖ్య 111111కు వర్గం. కాగితం మీద గుణకారం వేయండి. ఆరు వరుసలూ ఒకట్లే. ఒక్కో వరుస ఒక్కో స్థానం ఎడమకు జరుగుతుంది. కుడి కొసన నిలువుగా ఒక్క ఒకటి, దాని పక్కన రెండు, ఆ పక్కన మూడు... నడుమ ఆరు, ఆపైన తగ్గుదల. ఏ నిలువు వరుసలోనూ మొత్తం తొమ్మిది దాటదు కాబట్టి పక్క స్థానానికి మోయాల్సిందేమీ ఉండదు. తొమ్మిది ఒకట్ల దాకా ఈ అమరిక చెక్కుచెదరదు. పదో ఒకటి చేరిందా, నడిమి మొత్తం పదై 1234567900987654321 అవుతుంది.

లెక్క తయారుచేసిన తీరు ఇంకా గొప్పది. 111111 = 3×7×11×13×37. ఇందులో 3, 7ల లబ్ధం 21, దాని వర్గం 441. మిగిలిన మూడింటి లబ్ధం 5291, దాని వర్గం 27994681. అంటే హారాన్ని ముందే ఊహించి, కారణాంకాలుగా విప్పి, విద్యార్థికి రెండు మామూలు సంఖ్యలు అందించారు. ఆ రెండింటినీ చూసి లోపల ఏముందో ఎవరూ పసిగట్టలేరు. ప్రతి ప్రధాన కారణాంకమూ రెండేసి సార్లు ఉన్నందున దీనికి 243 భాజకాలు. అంకెల మొత్తం 36. ఆ 36తోనే గుణిస్తే 666666కు వర్గం!

వీటిని వినోద గణితమని పక్కన పెట్టడం అన్యాయం. విద్యార్థి ఎక్కడ తప్పినా హారం తెగుతుంది. సరిచూడటానికి గురువు అక్కర్లేదు. స్థానవిలువ చేతికి తెలిసొస్తుంది. తెలుగువారికి ఈ గ్రంథం పరాయిది కాదు. పావులూరి మల్లన సారసంగ్రహ గణితం దీనికి తెలుగు రూపమే.

లెక్కల మాస్టార్లకు నాదొక విన్నపం. కాలిక్యులేటర్ పక్కన పెట్టించి, మహావీరుడి గుణకారాలు పిల్లలచేత చేయించండి. ముందు చిన్నదివ్వండి: 139ని 109తో గుణించమనండి.