మోసేది సింక్, దాచేది బ్యాకప్

ఐప్యాడ్ నిండిపోయిందని ఇంట్లో ఎవరో పాత ఫొటోలు డిలీట్ చేస్తారు. కాసేపటికి అదే అకౌంట్‌తో నడిచే అమ్మ ఐఫోన్‌లోనూ అవి కనిపించవు. ‘క్లౌడ్‌లో ఉన్నాయిగా, ఎలా పోతాయి?’ అని గగ్గోలు. నిజానికి అక్కడ జరిగిన పొరపాటేమీ లేదు. ఐక్లౌడ్ ఫొటోస్ చేసేది సింక్. ఒకచోట జరిగిన మార్పును మిగతా చోట్లకు మోసుకెళ్లడమే దాని ఉద్యోగం. కొత్త ఫొటోను ఎంత శ్రద్ధగా చేరవేస్తుందో, డిలీట్‌నూ అంతే శ్రద్ధగా చేరవేస్తుంది. మంచీ చెడూ ఎంచదు.

బ్యాకప్ తీరు వేరు. అది విత్తనానికి పక్కన పెట్టిన వడ్ల లాంటిది. రోజూ దాని జోలికి పోం, పంట పోయిన ఏడు మాత్రం అదే దిక్కు.

ఆపిల్ ఈ రెండింటినీ 2011 అక్టోబరులో ఐక్లౌడ్ అనే ఒకే గొడుగు కిందకు తెచ్చింది. ఒకదాని పనిలో రెండోది వేలు పెట్టకుండా గీత గీసిన తీరు మాత్రం ముచ్చటగొలిపేది. ఫోన్ ఛార్జింగ్‌లో ఉండాలి, వైఫై ఉండాలి, స్క్రీన్ లాక్ అయి ఉండాలి. అప్పుడుగానీ రోజువారీ బ్యాకప్ తనంతట తాను మొదలవదు. అంటే చాలా ఇళ్లలో యజమాని నిద్రపోయే వేళన్నమాట. యాప్‌లలోని డేటా, సెట్టింగ్స్, హోమ్ స్క్రీన్ అమరిక తీసుకుంటుంది. యాప్‌లను మాత్రం తీసుకోదు, అవి యాప్ స్టోర్‌లో ఎలాగూ దొరుకుతాయి. ఐక్లౌడ్‌లో సింక్ అవుతున్న కాంటాక్ట్స్, క్యాలెండర్, నోట్స్, ఫొటోల జోలికీ వెళ్లదు. ఒకే సరుకును రెండుసార్లు మోయకూడదన్న ఈ పొదుపే నాకు అన్నిటికన్నా నచ్చిన పనితనం. దాని పర్యవసానం కూడా గుర్తుంచుకోవాలి: ఐక్లౌడ్ ఫొటోస్ ఆన్‌లో ఉంటే మీ బ్యాకప్‌లో ఫొటోలు ఉండవు.

అసలు నేర్పు బయటపడేది కొత్త ఫోన్ తెచ్చిన రోజున. సైన్ ఇన్ చేసి, తేదీ చూసి బ్యాకప్ ఎంచుకుంటే ముందు సెట్టింగ్స్, హోమ్ స్క్రీన్ వస్తాయి. ఐకాన్లన్నీ పాత ఫోన్‌లో ఎక్కడున్నాయో అక్కడే, కాస్త మసకగా నిలబడతాయి. ఒక్కో దాని మీద చిన్న వృత్తం నిండుతూ ఉంటుంది. అన్నీ దిగేదాకా ఆగక్కర్లేదు, ఫోన్ అప్పటికే చేతికొచ్చినట్టే. కావలసిన యాప్ ఐకాన్‌ను నొక్కి పట్టుకుని దాన్ని ముందుకు జరపవచ్చు. ఫొటోలు వేరే దారిన, సింక్ ద్వారా దిగుతాయి. ‘ఆప్టిమైజ్’ పెట్టుకుంటే ఫోన్‌లో చిన్న కాపీ ఉంటుంది, అసలుది తెరిచినప్పుడు వస్తుంది. రెండు దారుల్లో వచ్చిన సరుకు ఒకే ఫోన్‌లో అతుకు కనబడకుండా కలిసిపోతుంది.

ఇంకో తేడా ఉంది. సింక్ అకౌంట్‌ది, బ్యాకప్ పరికరానిది. ఐఫోన్‌కు ఒకటి, ఐప్యాడ్‌కు మరొకటి.

డిలీట్ విషయంలో సింక్‌కు చిన్న కట్ట కూడా వేశారు. డిలీట్ చేసిన ఫొటో 30 రోజులు విడిగా ఉంటుంది. గూగుల్ ఫొటోస్‌లోనైతే బ్యాకప్ అయిన ఫొటో చెత్తబుట్టలో 60 రోజులు. అక్కడి ‘ఫ్రీ అప్ స్పేస్’ బటన్ మరీ తెలివైనది: క్లౌడ్‌కు చేరిన వాటినే ఏరి, ఫోన్‌లోని కాపీని మాత్రం తీసేస్తుంది. స్థలం కోసం చూసేవాళ్లు నొక్కాల్సింది అది.

లోపాలు లేవని కాదు. ఆపిల్ ఉచితంగా ఇచ్చే చోటు 2011లో 5 జీబీ, ఇప్పటికీ 5 జీబీయే. ఇది పిసినారితనం తప్ప మరొకటి కాదు. కొత్త ఫోన్‌కు మారేటప్పుడు మూడు వారాల పాటు తాత్కాలికంగా చోటిస్తారు, అది మెచ్చుకోవాలి. ఐక్లౌడ్ బ్యాకప్‌లోంచి ఒక్క ఫైలు మాత్రం బయటికి తీసుకోలేం, ఫోన్ మొత్తం చెరిపి మొదటి నుంచి నింపాల్సిందే.

సెట్టింగ్స్‌లో మీ పేరు నొక్కి, ఐక్లౌడ్‌లోకి వెళ్లి, ఐక్లౌడ్ బ్యాకప్ తెరవండి. చివరి బ్యాకప్ ఎప్పుడు జరిగిందో అక్కడే ఉంటుంది. అది నెలల కిందటిదైతే ఇవాళే ‘బ్యాకప్ నౌ’ నొక్కండి. అమ్మానాన్నల ఫోన్లు కూడా చూడండి.